ఆరు వృక్షాల వనం

ఉత్తర అమెరికా ఖండపు పశ్చిమ తీరాన, కాలిఫోర్నియా రాష్ట్రంలోని సియరా నెవాడా పర్వతాలలో, ప్లేసర్ కౌంటీ అనే జిల్లా తూర్పు భాగాన ఒక చిన్న వనం ఉన్నది. అందులో నిలిచివున్న ముసలి మహా సెకోయా వృక్షాలు ఆరు. ఏనాడో కూలి నేలకు అంటుకొనిపోయిన పెద్ద మొద్దులు కూడా అక్కడ కనిపిస్తవి గాని, ప్రాణంతో ఉన్న పెద్దచెట్లు ఆరే. ఆరు చెట్లను వనమని పిలవడం కొంత అతిశయంగానే తోచవచ్చును. అయినా ఆ జాతి వృక్షం మనుష్యప్రయత్నం లేకుండా తనంత తానుగా పెరిగే చోటులన్నిటిలో ఉత్తరపు కొన ఇదే. దీనికి దక్షిణంగా ఉన్న పొరుగు వనం కలవరాస్. దాని దూరం సుమారు అరువది మైళ్ళు. ఈ నడుమ మేరలో మరొక సహజమైన సెకోయా వనం లేదు.

ఆరు చెట్లకు చరిత్ర ఏమిటని పాఠకుడు అడగవచ్చును. ఈ వనానికి శాసనాలు లేవు, యుద్ధాలు లేవు, దీనిని గురించి న్యాయస్థానాలలో పెద్ద వాదాలు జరిగినట్టు కూడా వినము. దీని చరిత్ర చాలా వరకు జరగని సంగతుల చరిత్ర. దీని తోబుట్టువుల వంటి వనాలకు పందొమ్మిదవ శతాబ్దిలో ఏమి జరిగినదో మనకు బాగా తెలుసు. అవి ఇక్కడ ఎందుకు జరగలేదన్నదే మన ప్రశ్న. ఆ ప్రశ్నకు దొరికే జవాబు ఇప్పటి కాలానికి సరిపోతున్నదా అన్నది దాని వెనుకనే వచ్చే రెండవ ప్రశ్న. ఈ రెండవదే బరువైనది.

ముందుగా వృక్షాన్ని గూర్చి కొంత చెప్పవలెను. మన దేశంలో పెద్దచెట్టు అనగానే ఊడలు దింపి, కొమ్మలు చాచి, ఎకరాలకొద్దీ నీడ పరిచే మర్రి మనస్సుకు వస్తుంది. మహా సెకోయా అందుకు విరుద్ధమైన రీతిలో పెద్దది. ఒకే ఒక మాను, దాదాపు సన్నబడకుండా, ఆకాశంలోనికి లేచి నిలుస్తుంది. వీటిలో అన్నిటికంటె పెద్దదని పేరుపడిన జనరల్ షెర్మన్ వృక్షం ఎత్తు 275 అడుగులు. దాని మానులోని కలప యాభైవేల ఘనపుటడుగులకు పైమాట. కొట్టివేసిన ఒక మొద్దుపై వలయాలు లెక్కించగా 3,200 సంవత్సరాలకు మించిన వయస్సు తేలినది. బెరడు అడుగుభాగంలో రెండడుగుల మందం దాకా ఉంటుంది. చేతితో తట్టితే కొబ్బరిపీచు వలె మెత్తగా తగులుతుంది. ఆ బెరడులో జిగురు లేదు గనుక మంట దానిని తేలికగా పట్టుకోదు. ఈ సంగతి ముందుముందు మనకు అవసరమవుతుంది.

ఈ జాతికి మిగిలిన నివాసం సియరా నెవాడా పడమటి వాలు ఒక్కటే. ఉత్తర దక్షిణాలుగా సుమారు 260 మైళ్ళ పొడవున డెబ్బది ఎనభై వనాలు అక్కడొకటి ఇక్కడొకటిగా విసరివేసినట్లు ఉన్నవి. అయితే వాటి పంపకం సమానం కాదు. కింగ్స్ నదికి దక్షిణాన అవి దట్టంగా, దాదాపు ఒకదానినొకటి ఆనుకొని ఉన్నవి. ఆ నదికి ఉత్తరాన ఉన్నవి ఎనిమిది మాత్రమే. ఆ ఎనిమిదింటిలో చిట్టచివరది ఈ ఆరు చెట్ల వనం. సరస్సుల అడుగునా, కొండ పచ్చికబయళ్ళ బురదలోనా పేరుకొన్న పుప్పొడిని పరిశీలించిన శాస్త్రజ్ఞులు, దాదాపు నాలుగువేల ఐదువందల ఏండ్ల క్రిందట వాతావరణం చల్లబడి తేమ పెరిగిన తరువాతనే సెకోయాలు నేటి చోటులలో విరివిగా పెరిగినవని నిర్ణయించినారు. అనగా మనకు అనాదిగా కనిపించే ఈ వనాలు, చెట్టు ఆయుర్దాయంతో కొలిస్తే, రెండు మూడు తరాలకు మించినవి కావు. మూడు తరాలుగా ఒక ఊరిలో కాపురమున్న కుటుంబాన్ని మనం పాతకాపు అంటాము; అంతకంటె ఎక్కువ అనము.

వనం ఉన్నచోటు సముద్రమట్టానికి ఐదువేల అడుగులకు పైన, అమెరికన్ నది మధ్యశాఖకు నీరిచ్చే కొండవాలుపై. దగ్గరి పట్టణం ఫారెస్ట్‌హిల్. అక్కడినుండి లోయ అంచున మెలికలు తిరుగుతూ పోయే బాటలో ఇరవై మైళ్ళకు పైగా ప్రయాణం చేయవలెను. దారిలో చెప్పుకోదగ్గ ఊరు లేదు. చేరిన తరువాత చుట్టూ ఫర్, పైన్ వృక్షాలే. వాటి నడుమ దాల్చినచెక్క రంగు మానులు కనిపించిన తరువాతనే వచ్చిన చోటు తెలుస్తుంది.

ఇంత మారుమూలకు మనుష్యులను రప్పించినది బంగారం. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్ అనే వడ్రంగి కొలోమా దగ్గర కోత మిల్లు కాలువలో బంగారపు రేకులు చూచినాడు. ఆ కాలువ నీరు ఇదే అమెరికన్ నది దక్షిణశాఖది. మరుసటి ఏడు మొదలు లోకమంతా ఆ నదీశాఖల వెంట పైకి ఎగబ్రాకినది. ప్లేసర్ అన్న జిల్లా పేరే ఇసుకలో దొరికే బంగారాన్ని సూచించే స్పానిష్ మాట. 1850 నాటికి మధ్యశాఖ గట్టుమీద మిషిగన్ సిటీ అనే గనివాడల ఊరు వెలసినది. 1853 నుండి 1855 దాకా అక్కడ లీలండ్ స్టాన్‌ఫర్డ్ అనే యువకుడు దుకాణం నడిపినాడు. పలుగులు, పారలు, పిండి, పందిమాంసం అమ్మిన ఆ వ్యాపారియే తరువాత ఆ రాష్ట్రానికి గవర్నరై, ఖండాన్ని దాటిన రైలుమార్గానికి అధిపతులలో ఒకడై, తన కుమారుని జ్ఞాపకార్థం ఒక విశ్వవిద్యాలయాన్ని స్థాపించినాడు. ఊరి గతి మాత్రం విచిత్రమైనది. బంగారం కొరకు తన కాళ్ళక్రింది నేలనే త్రవ్వుకొని, 1858లో నిలువ నీడ ప్రమాదమై, మరొక చోటికి జరిగి మిషిగన్ బ్లఫ్ అని పేరు మార్చుకొన్నది.

ఆ ఊరి ప్రాంతపు గనివాడు జో మాట్‌లాక్ అనువాడు 1855లో ఈ వనాన్ని కనుగొన్నాడని చెప్పుతారు. కనుగొన్నాడనే మాటను కొంత జాగ్రత్తగా వాడవలెను. ఆ లోయలు నిసెనాన్ జాతివారివి. కొండ పైకొనకు వాషో జాతివారు వేసవిలో వచ్చేవారు. సింధూర జాతి చెట్ల గింజలు ఏరుకొని పిండిచేసి తిని, లేళ్ళను వేటాడి, ఏటేటా పొదలకు చిన్నమంటలు పెట్టి అడవి అడుగును శుభ్రంగా ఉంచుకొన్న ఆ ప్రజలకు ఇరవై అడుగుల చుట్టుకొలత దాటిన చెట్లు కనబడకుండా ఉండినవని ఎవరు నమ్మగలరు? 1851, 1852 సంవత్సరాలలో కాలిఫోర్నియా ఆదివాసులతో అమెరికా ప్రభుత్వ ప్రతినిధులు పదునెనిమిది ఒడంబడికలు వ్రాసుకొన్నారు. వాటిలో ఒక్కదానిని కూడా వాషింగ్టన్‌లోని సెనేట్ ఆమోదించలేదు. పైగా ఆ కాగితాలను అర్ధశతాబ్దం పాటు రహస్యంగా దాచిపెట్టినది. కనుక 1855లో ఒక గనివాడు ఈ చెట్ల క్రింద నిలిచినప్పుడు, వాటిని తరతరాలుగా ఎరిగిన వారి హక్కు మూడేండ్ల క్రిందటనే ఒక పెట్టెలో పడి మూతపడినది. వనచరిత్రలో ఆ మొదటి అధ్యాయం వ్రాసేవారు లేకనే పోయినది.

ఇక జరగని సంగతులకు వద్దాము. పొరుగు వనం కలవరాస్ వెలుగులోనికి వచ్చినది దీనికి మూడేండ్ల ముందు. 1852 వసంతంలో అగస్టస్ డౌడ్ అనే వేటగాడు గాయపడిన ఎలుగును తరుముతూ ఆ చెట్ల నడుమకు వచ్చిపడినాడు. అతడు నీటికాలువల కంపెనీ కూలీలకు మాంసం సమకూర్చే ఉద్యోగి. తాను చూచినది చెప్పితే శిబిరంలో ఎవరూ నమ్మలేదు. మరుసటి సంవత్సరమే అక్కడి పెద్దచెట్టును పడగొట్టినారు. అంత మానుకు తగిన రంపం లేదు గనుక, నీటిగొట్టాలకు తూట్లు పొడిచే పొడవైన బరమాలతో చుట్టూ రంధ్రాలు వేసినారు. ఐదుగురికి ఇరువదిరెండు దినాలు పట్టినది. మొద్దును నున్నగా చెక్కి దానిపై నాట్యమంటపం కట్టినారు. పడిన మానుపై బంతులాటకు బాట వేసినారు. మొద్దుపై లెక్కించిన వలయాలు 1,244. అనగా ఆ చెట్టు మొలకెత్తినది క్రీస్తుశకం 609 ప్రాంతాన. మన దేశంలో కనోజులో హర్షుడు, బాదామిలో రెండవ పులకేశి క్రొత్తగా సింహాసనమెక్కిన కాలమది. వారి వంశాలన్నీ అంతరించిన తరువాత ఎన్నో శతాబ్దాలు నిలిచి, మూడువారాలలో నేలకు వచ్చినది.

అంతటితో ఆగలేదు. 1854లో వనమాత అని పేరున్న మరొక చెట్టు నుండి, నిలిచివుండగానే, నేల మొదలు 116 అడుగుల ఎత్తు దాకా బెరడును పలకలుగా ఒలిచినారు. ఆ పలకలను ఓడకెక్కించి మొదట న్యూయార్కులో, 1857 నుండి లండన్ శివారున సిడెన్‌హామ్ స్ఫటికభవనంలో చెట్టు ఆకారంగా మరల కూర్చి ప్రదర్శించినారు. మన దేశంలో సిపాయిల తిరుగుబాటు చెలరేగిన ఆ ఏటనే లండన్ జనం ప్రవేశరుసుము చెల్లించి బోలు చెట్టును చూచి ఆశ్చర్యపడినారు. ఇంత పెద్ద చెట్టు ఉండడం అసాధ్యమనీ, ఎన్నో చెట్ల బెరళ్ళను అతికి మోసం చేసినారనీ అనుకొన్నవారు కూడా ఉన్నారట. 1866 డిసెంబరులో స్ఫటికభవనంలో నిప్పుపుట్టి బెరడు కాలిపోయినది. కాలిఫోర్నియాలో మిగిలిన మాను అప్పటికే చచ్చినది. కవచం పోయిన ఆ మాను 1908లో వచ్చిన కార్చిచ్చును తట్టుకోలేక మొండెమై మిగిలినది.

ఈ దురాగతాలు వ్యర్థం కాలేదని చరిత్రకారులు అంటారు. చెట్టు చర్మం ఒలిచినారన్న వార్త అమెరికాలో కొందరికి సిగ్గు కలిగించినది. 1864 జూన్ 30న, అంతర్యుద్ధం నడుమ, ప్రెసిడెంట్ లింకన్ యోసెమిటీ లోయను, మారిపోసా సెకోయా వనాన్ని రాష్ట్రానికి అప్పగిస్తూ, వాటిని ప్రజల వినోదానికై శాశ్వతంగా కాపాడవలెనన్న చట్టంపై సంతకం చేసినాడు. కలవరాస్ గతి ఆ చట్టానికి కొంత ప్రేరణ అన్నమాట నిజమే కావచ్చును. కాని దుర్గతి పొందినవానికి ఇంకొకని రక్షణ పరిహారమవుతుందా? కలవరాస్ ఉత్తరవనం రాష్ట్ర ఉద్యానమైనది 1931లో. పడిపోయిన చెట్టుకు డెబ్బది ఎనిమిది సంవత్సరాల తరువాత.

ప్లేసర్ వనానికి ఇవేవీ తగలలేదు. ప్రదర్శనకారుడు రాలేదు, హోటలు వెలయలేదు. కారణం భక్తి కాదు, దయ కాదు. కలవరాస్ అప్పటికే ప్రసిద్ధిలో ముందుండి, చూడవచ్చేవారినందరిని తనవైపు లాగుకొన్నది. ఆరు చెట్లు చూచుటకు అంతదూరం లోయ దిగి ఎక్కే ఓపిక ఎవరికున్నది? ఒకరికి కీర్తి ఆపద అయితే మరొకరికి అనామకత్వం రక్ష అయినది.

పేర్ల విషయంలో మాత్రం ఈ వనం తప్పించుకోలేదు. అసలు ఈ వృక్షజాతి పేరే ఒక సేనాపతి పేరుతో మొదలైనది. 1853లో విలియం లాబ్ అనే విత్తనాల సేకర్త కలవరాస్ కొమ్మలను, కాయలను ఇంగ్లండుకు తీసుకొనిపోగా, వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ ఆ డిసెంబరులో దానికి వెల్లింగ్‌టోనియా అని నామకరణం చేసినాడు. వెల్లింగ్టన్ ప్రభువు అంతకు పదిహేను మాసాల ముందు మరణించినాడు. ఆయన మనకు అపరిచితుడు కాడు. 1799లో శ్రీరంగపట్టణం ముట్టడిలోనూ, 1803లో మరాఠాలపై అస్సాయే యుద్ధంలోనూ ఆర్థర్ వెల్లెస్లీగా మన నేలమీదనే పేరు సంపాదించుకొన్నాడు. అమెరికా కొండల చెట్టుకు ఆ పేరు పెట్టడం అమెరికనులకు సహజంగానే కంటగింపైనది. వారు తమ వాషింగ్టన్ పేరు ముందుకు తెచ్చినారు. తుదకు వివాదాన్ని తీర్చినవి శాస్త్రనియమాలు. వెల్లింగ్‌టోనియా అన్న పేరు 1840లోనే వేరొక మొక్కకు పోయినది గనుక చెల్లలేదు. తీరపు ఎర్రచెట్టుకు 1847లో వియన్నా పండితుడు ఎండ్లిషర్ పెట్టిన సెకోయా అన్న పేరును దీనికి కూడా వాడసాగినారు. 1939లో బుఖోల్జ్ దీనిని వేరే ప్రజాతిగా నిర్ణయించి సెకోయాడెండ్రాన్ అన్నాడు.

సెకోయా అన్న మాట ఎక్కడిది? చెరోకీ జాతికి లిపిని కల్పించిన సెకోయా అనే మేధావి పేరే ఇదని చాలామంది నమ్మకం. ఆయనకు చదువురాదు, 1821 నాటికి తన భాషలోని ధ్వనులను ఎనభై పైచిలుకు అక్షరాలలో పొదిగినాడు. హల్లుకు అచ్చు కలిసి ఒక్క గుర్తుగా నిలిచే ఆ పద్ధతి మన గుణింతాన్ని జ్ఞాపకం చేస్తుంది. ఎండ్లిషర్ భాషాశాస్త్రంలో కూడా పండితుడు గనుక నమ్మకానికి ఆధారముంది. అయితే ఆయన ఎక్కడా ఆ సంగతి వ్రాసి పెట్టలేదు, అందువల్ల దానిని శంకించేవారూ ఉన్నారు. ఇది నిజం కావలెనని కోరుకోని వ్రాతగాడు ఉంటాడని నేననుకోను.

సేనాపతుల మోజు ఇంతటితో పోలేదు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత ప్లేసర్ వనంలోని చెట్లకు ఆ యుద్ధనాయకుల పేర్లు పెట్టినారు. రెండువందల అడుగులకు మించిన ఒక చెట్టు పెర్షింగ్, ఫ్రాన్సులో అమెరికా సేనలను నడిపినవాడు. మరొకటి ఝోఫ్ర్, 1914లో మార్న్ నది ఒడ్డున జర్మనుల రాకను నిలిపిన ఫ్రెంచి దళపతి. ఆ శరత్కాలంలోనే మన సిపాయిలు కూడా ఫ్రాన్సులో దిగి బురదగుంటలలో పోరాడినారు; వారి పేర్లతో ఏ చెట్టూ లేదు. వెయ్యేండ్ల చెట్టుకు నాలుగేండ్ల యుద్ధపు పేరు ఎంత బరువో చెట్టే చెప్పవలెను.

కీర్తి కంటె పెద్ద శత్రువు కోత మిల్లు. ప్లేసర్ కొండలకు కలప ఆకలి తక్కువ కాదు. 1853 తరువాత గనివాండ్రు నీటిఫిరంగులతో కొండలనే కడిగివేయ నారంభించినారు. ఆ నీటిని మైళ్ళకొద్దీ మోసుకొనివచ్చే కొయ్యకాలువలకు పలకలు కావలెను. 1860 తరువాత వనానికి ఉత్తరపు కొండకొమ్ముమీదుగా రైలుమార్గం సాగినది; దానికి అడ్డకర్రలు, వంతెనలు, మంచుపడకుండా పట్టాలమీద కట్టిన కొయ్యపందిళ్ళు కావలెను. నీటిఫిరంగులు కొట్టిన బురద దిగువ మైదానంలోని పొలాలను, నదులను పూడ్చివేయగా రైతులు దావా వేసినారు. 1884లో న్యాయమూర్తి లొరెంజో సాయర్ ఆ బురదను నదులలోనికి వదలరాదని తీర్పు చెప్పినాడు. అడవులకు అటువంటి తీర్పు దొరకలేదు.

దక్షిణాన కన్వర్స్ బేసిన్ అనే చోట జరిగినది తలచుకొంటే ఆరు చెట్ల అదృష్టం తెలుస్తుంది. సెకోయా వనాలలో అతిపెద్ద వాటిలో ఒకటైన దానిని 1890ల నుండి 1908 దాకా దాదాపు మొత్తంగా నరికివేసినారు. విచారకరమైన సంగతి ఏమంటే ఆ నరకడం వలన నరికినవారు కూడా బాగుపడలేదు. ముసలి సెకోయా కలప చీడపట్టదు, కుళ్ళదు, కాని పెళుసు. రెండువందల అడుగుల మాను నేలకొరిగినప్పుడు గాజువలె ముక్కలై పోయేది. క్రింద కొమ్మలతో పరుపు పరచి పడవేసినా చాలా భాగం పనికిరాకుండా పోయేది. మిగిలినది ద్రాక్షతీగలకు ఊతకర్రలు, కంచెగుంజలు, ఇంటికప్పు పలకలుగా అమ్ముడుపోయినది. మూడువేల ఏండ్ల చెట్టు ద్రాక్షపాదుకు ఊతకర్ర! అక్కడ మిగిలిన పెద్దచెట్టును బూల్ వృక్షమంటారు. అది ఆ నరుకుడు పనిని నడిపించిన మేనేజరు పేరు.

ఆరు చెట్ల కొరకు ఎవరూ మిల్లు కట్టరు, కాలువ త్రవ్వరు. చుట్టూ మంచి పైన్ కలప ఉండగా పెళుసు మానులకై లోయలోనికి దిగరు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ఆ ప్రాంతం టాహో జాతీయారణ్యంలో చేరినది. ఈనాడు అక్కడ ఉన్నది అర మైలు కాలిబాట, కొన్ని బల్లలు. దూరం, అల్పసంఖ్య, లాభం లేకపోవడం, ఈ మూడే దీనికి కోటగోడలైనవి. ఇంతవరకు మొదటి ప్రశ్నకు జవాబు.

రెండవ ప్రశ్న అగ్నిని గూర్చినది. సెకోయా కాయ కోడిగ్రుడ్డు పరిమాణంలో ఉంటుంది. గింజ అటుకు పలుకువలె తేలిక. కాయ పండిన తరువాత విచ్చుకోదు; ఇరవై ఏండ్ల దాకా కొమ్మపై పచ్చగా, మూసుకొనే ఉండగలదు. ఒక జాతి ఉడుత, ఒక చిన్నపురుగు కొన్నింటిని కొరికి ఎండజేస్తవి. కాని గింజలను ఒక్కుమ్మడిగా రాల్చేది క్రింది మంట నుండి పైకి లేచే వేడిగాలి. అదే మంట నేలపై పేరుకొన్న ఎండాకును కాల్చి మట్టిని బయలుపరుస్తుంది. నీడనిచ్చే చిన్నచెట్లను తొలగించి ఎండ పడేలా చేస్తుంది. మొలకకు కావలసినవి ఆ రెండే. మొలక ఎందుకు రావడం లేదన్న ప్రశ్న చాలాకాలం పండితులను వేధించినది. 1960లలో రిచర్డ్ హార్టెస్‌వెల్ట్, ఆయన సహచరులు వనాలలో కావాలని చిన్నమంటలు పెట్టి, అంతకుముందు మొలకలే లేనిచోట అవి గుంపులుగా లేవడం చూపించినారు.

అప్పటికి ఎంతో ఆలస్యమైనది. నిసెనాన్ ప్రజలు పోయినప్పుడు వారి చిన్నమంటలూ పోయినవి. వారి తరువాత వచ్చిన ప్రభుత్వం మంట అనేది శత్రువని భావించినది. 1935లో అమెరికా అటవీశాఖ, ఏ అడవిమంట కనిపించినా మరునాటి ఉదయం పది గంటలలోగా అణచివేయవలెనని నియమం పెట్టినది. అది చిత్తశుద్ధితో చేసిన పనియే. కాని దాని ఫలితంగా ప్రతి వనం అడుగున దశాబ్దాల ఎండాకు, విరిగిన కొమ్మలు, కిక్కిరిసిన లేత ఫర్ చెట్లు పోగుపడినవి. నేలమీద ప్రాకే మంటను రెండడుగుల బెరడు ఆపగలదు. ఫర్ చెట్లను నిచ్చెనగా చేసుకొని రెండువందల అడుగుల పైనున్న ఆకును అంటుకొనే మంటను ఆపలేదు.

2020, 2021 సంవత్సరాలలో అటువంటి మంటలే వచ్చినవి. దక్షిణ వనాలలో కాసిల్ అనే ఒక్క కార్చిచ్చు వేలకొద్దీ ముసలి సెకోయాలను చంపినది. మరుసటి ఏటి రెండు మంటలతో కలిపి, లోకంలోని పెద్ద సెకోయాలలో 13 నుండి 19 శాతం రెండే ఏండ్లలో పోయినవని ఉద్యానశాఖవారి అంచనా. ఇందులో ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పదగినది. ఆల్డర్ క్రీక్ అనే వనం ప్రైవేటు వ్యక్తుల చేతిలో మిగిలిన సెకోయా వనాలలో పెద్దది. దానిని కాపాడవలెనని ఒక సంస్థ చందాలు పోగుచేసి, 530 ఎకరాలను కోటి యాభై లక్షల డాలర్లకు పైగా వెచ్చించి 2019 చివర కొన్నది. కొన్న తొమ్మిది మాసాలకే కాసిల్ మంట అందులో జొరబడినది. గొడ్డలికి డబ్బు చెల్లించి చెట్టును విడిపించవచ్చును. మంటకు చెల్లించుటకు డబ్బు పనికిరాదు.

ప్లేసర్ వనం వంతు 2022లో వచ్చినది. సెప్టెంబరు 6న అమెరికన్ నది మధ్యశాఖపై ఉన్న ఒక జలాశయం సమీపాన పుట్టిన మంటకు మస్కీటో అని పేరు పెట్టినారు. దోమ అని దాని అర్థం. ఫారెస్ట్‌హిల్ నుండి వనానికి పోయే బాట ఉన్న కొండకొమ్ము పేరు అదే. ఆ దోమ 76,000 ఎకరాలను దాటి కాల్చినది. ఆ సంవత్సరం కాలిఫోర్నియాలో అంత పెద్ద మంట మరొకటి లేదు. స్టాన్‌ఫర్డ్ దుకాణమున్న నాటి ఊరి వారసురాలు మిషిగన్ బ్లఫ్‌లో ఇండ్లు కాలిపోయినవి. అక్టోబరు చివరికి గాని అది పూర్తిగా అదుపులోనికి రాలేదు. ఆరు చెట్లు నిలిచినవి. అయితే గనివానిని, ప్రదర్శనకారుని, మిల్లుదారుని ఆపిన దూరం ఈ అతిథిని ఆపేదికాదు. ఆ బాటలో మనుష్యునికి పట్టే శ్రమ మంటకు లేదు. పైగా మనుష్యుడు రానిచోట ఎండాకు తీసివేసేవాడు కూడా ఉండడు.

అల్పసంఖ్య కూడా ఇప్పుడు వరం కాదు. దక్షిణాన వేయి చెట్లున్న వనం వంద చెట్లు పోగొట్టుకొని కూడా వనంగానే ఉంటుంది. ఇక్కడ ఒకటి పోతే ఆరవవంతు పోయినట్టు. పుప్పొడికి ఇరుగుపొరుగు లేనందున ఇవి తమలో తామే గింజకట్టవలెను. అరువది మైళ్ళ నుండి గాలి పుప్పొడిని తెస్తుందని ఆశించడం కష్టం. వంశవిస్తారం లేని ఇంటివలె వైవిధ్యం తగ్గుతుంది. మరొక పక్షం కూడా ఉన్నది. వాతావరణం వేడెక్కుతున్న ఈ రోజులలో జాతి ఉత్తరానికి జరగవలసి వస్తే, ఉత్తరపు కొనన ఇన్నాళ్ళు బ్రతికిన ఈ చెట్ల గింజకు ప్రత్యేకమైన విలువ ఉండవచ్చును.

చేయవలసినదానిపై ఏకాభిప్రాయం లేదు. దక్షిణపు కాలిన వనాలలో కొన్నింట 2023 నుండి నారు నాటుతున్నారు. అది అడవి స్వభావానికి విరుద్ధమని, చెట్టు తనంత తానుగా లేవవలెనని వాదించేవారు ఉన్నారు. చుట్టూ ఉన్న లేత ఫర్ చెట్లను నరికి, ఎండాకు ఊడ్చి, చల్లని కాలంలో చిన్నమంట పెట్టవలెనన్నది రెండవ పక్షం. నాకు ఇదే న్యాయంగా తోస్తున్నది. ఎందుకంటే ఇది క్రొత్త విద్య కాదు. ఆ లోయలో నిసెనాన్ స్త్రీపురుషులకు తెలిసిన పనియే. వారి సంతతివారు నేటికీ ప్లేసర్, నెవాడా జిల్లాలలో ఉన్నారు. మంట పెట్టే నేర్పును మరల నేర్చుకోవడంలో ఆదివాసుల మాట వినవలెనని అటవీశాఖ ఇటీవలి కాలంలో ఒప్పుకొనుచున్నది.

కాని ఆరు చెట్ల క్రింద నిప్పు ముట్టించడానికి చేయి వణకని అధికారి ఎవరు? వేయి చెట్లలో పొరపాటున ఒకటి కాలితే నివేదికలో ఒక పంక్తి అవుతుంది. ఇక్కడ కాలేది పెర్షింగో ఝోఫ్రో. ఆ వెరపు సహజమైనదే. ఈలోగా ప్రతి శరత్తులో ఫర్ చెట్ల ఆకు రాలి నేలను కప్పుతూ ఉన్నది. పైన మూసిన కాయలలో గింజలు, ఇరవై ఏండ్ల గడువు దాటని మేరకు, పచ్చిగానే ఉన్నవి.